రోడ్డు లెక్క రన్‌వేకి కుదరదు: ఇంట్లో కట్టిన చిన్న విమానాల టైర్లు ఒక పక్కే ఎందుకు అరుగుతాయి?

65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్ నుంచి చిట్యాల, నార్కట్‌పల్లి మీదుగా సూర్యాపేట దాకా వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా వీల్ అలైన్‌మెంట్ బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. అలాంటి షాపులో నాలుగేళ్లు పనిచేసిన కుర్రాడు లారీ ముందు టైరు మీద అరచెయ్యి అటూ ఇటూ ఒకసారి రాసి, మిషన్ పెట్టకముందే రోగం చెప్పేస్తాడు. చెయ్యి ఒక వైపు నున్నగా జారి, వెనక్కి రాస్తే రంపం పళ్లలా తగిలితే టో (చక్రం ముందంచు లోపలికో బయటికో చూడటం) తేడా. ఎటు రాసినా తగలకుండా ఒక అంచు మాత్రమే నున్నగా అరిగితే క్యాంబర్ (చక్రం పైభాగం పక్కకు వాలడం) తేడా. నడుమ అరిగితే గాలి ఎక్కువ, రెండంచులూ అరిగితే గాలి తక్కువ.

షెడ్డులోనో డాబా మీదో సొంతంగా కట్టుకున్న చిన్న విమానం టైరు మీద కూడా ఈ అరచేతి పరీక్ష పనిచేస్తుంది. తేడా అంతా ఆ తర్వాతే. రోగం పేరు ఒకటే అయినా లారీకి రాసే మందు విమానానికి రాస్తే టైరు ఇంకా తొందరగా అరగొచ్చు. తోకచక్రం విమానమైతే (ముందు రెండు పెద్ద చక్రాలు, తోక కింద చిన్నది) రన్‌వే మీద గిర్రున తిరిగిపోనూవచ్చు. లారీ చక్రం కోణాన్ని ఒక అంకెతో చెప్పేయొచ్చు. విమానం చక్రం కోణం బరువును బట్టి, ముక్కు ఎత్తును బట్టి, కొన్నింటిలో ఎండను బట్టి కూడా మారుతుంది. ఏ స్థితిలో కొలిచారో చెప్పకుండా "టో సున్నా పెట్టాం" అంటే ఆ మాటకు అర్థం లేదు.

దక్షిణ తెలంగాణకు చిన్న విమానం మరీ కొత్త వస్తువేమీ కాదు. నాగార్జునసాగర్ దగ్గర విజయపురి సౌత్ ఎయిర్‌స్ట్రిప్ నుంచి లేచే శిక్షణ విమానాలు పెద్దవూర వైపు పల్లెల మీద తిరగడం అక్కడివాళ్లు చూసిందే. హైదరాబాద్‌కు దక్షిణాన నాదర్‌గుల్‌లో ఎయిర్‌ఫీల్డ్ ఉంది. మహబూబ్‌నగర్ జిల్లాలో దేవరకద్ర ప్రాంతానికి ఎయిర్‌పోర్ట్ వస్తుందన్న మాట ఏళ్లుగా ప్రతిపాదనల్లో నలుగుతోంది. అయితే శిక్షణ విమానాలు ఫ్యాక్టరీలో తయారైనవి. సొంతంగా కట్టుకునే పద్ధతి ఎక్కువగా అమెరికాలో పెరిగింది. 1953లో పాల్ పొబెరెజ్నీ మొదలుపెట్టిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ దానికి పెద్ద దిక్కు. వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే ఒక్క కంపెనీ ఇచ్చిన ఆర్‌వీ కిట్లతో కట్టి ఎగరేసినవే పదివేలు దాటాయి. మన దేశంలో ముంబైలో ఇంటి డాబా మీద విమానం కట్టిన కెప్టెన్ అమోల్ యాదవ్ పేరు చాలామందికి గుర్తుంటుంది. ఆ విమానానికి పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రిజిస్ట్రేషన్ 2017 నవంబర్‌లో వచ్చింది.

ఫ్యాక్టరీ విమానంలో ఇరుసు బిగించే కోణాన్ని జిగ్గులే (భాగాలను కదలకుండా పట్టే అచ్చులే) కాపాడతాయి. ఇంట్లో కట్టే విమానంలో చాలాసార్లు ఆ రంధ్రాలు వేసేది, ఆ వెల్డింగ్ చేసేది, చక్రాన్ని మోసే కాలును బాడీకి బిగించేది ఒకే మనిషి. వెల్డింగ్ వేడికి పైపు అర డిగ్రీ లాగినా కంటికి కనబడదు. టైరుకు మాత్రం తెలుస్తుంది.

ఐదు వందల కిలోమీటర్లకే గుండు

లారీ టైరు గుండు కావాలంటే వేల కిలోమీటర్లు తిరగాలి. విమానం టైరు నేల మీద తిరిగే దూరం లెక్కేస్తే నవ్వొస్తుంది. ఉదాహరణకు ఒకసారి ఎగిరి దిగడానికి ట్యాక్సీ (రన్‌వే దాకా, మళ్లీ వెనక్కి నేల మీద నడక) కిలోమీటరున్నర, టేకాఫ్ 300 మీటర్లు, ల్యాండింగ్ 400 మీటర్లు అనుకుందాం. మొత్తం 2.2 కిలోమీటర్లు. అలా 250 సార్లు ఎగిరితే 550 కిలోమీటర్లు. నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు రానూపోనూ మూడు ట్రిప్పులు కూడా కాదు. అంత దూరానికే బయటి అంచున నైలాన్ దారాలు బయటపడితే కట్టినవాడికి టెన్షన్ రాక తప్పదు.

అరుగుదలలో కొంత భాగం తప్పించలేనిది. ఇలాంటి విమానాల్లో ఎక్కువగా కనిపించే 5.00-5 సైజు టైరు ఎత్తు సుమారు 36 సెంటీమీటర్లు. 55 నాట్ల వేగంతో, అంటే గంటకు వంద కిలోమీటర్లతో నేల తాకిన క్షణంలో కదలకుండా ఉన్న ఆ చక్రం రెప్పపాటులో నిమిషానికి 1,500 చుట్ల వేగం అందుకోవాలి. దిగగానే వినిపించే కీచుమనే చప్పుడు, లేచే చిన్న పొగ అదే. అక్కడ పోయే రబ్బరు పోతుంది. అయితే ప్రతిసారీ టైరు వేరే చోట నేల తాకుతుంది కాబట్టి ఆ అరుగుదల చుట్టూ సమానంగా పంచుకుంటుంది. ఒకే చోట చదునుగా అరిగి మచ్చ పడిందంటే అది అలైన్‌మెంట్ తప్పు కాదు. బ్రేకు తొక్కిపట్టి దిగారన్నమాట.

టో సంగతి వేరు. చక్రం నడిచే దారికి ఒక డిగ్రీ పక్కకు చూస్తుంటే, ముందుకు పోయే ప్రతి మీటరుకూ 17 మిల్లీమీటర్లు పక్కకు ఈడవబడుతుంది. పైన చెప్పిన 2.2 కిలోమీటర్లకు అది 38 మీటర్లు. 250 సార్లకు తొమ్మిదిన్నర కిలోమీటర్లు. రబ్బరు కొంత సాగి సర్దుకుంటుంది, మిగిలింది తారు మీద రుద్దుకుంటుంది. ఒక డిగ్రీ అంటే వినడానికి చిన్నదే. 36 సెంటీమీటర్ల టైరు ముందంచుకూ వెనకంచుకూ మధ్య ఆరు మిల్లీమీటర్ల తేడా అది. చిటికెన వేలు మందం కూడా లేదు.

రెండు చక్రాల ముందంచులూ లోపలికి చూస్తే టో-ఇన్, బయటికి చూస్తే టో-అవుట్. టో-ఇన్ బయటి అంచును తింటుంది, టో-అవుట్ లోపలి అంచును. చిక్కేమిటంటే, చక్రం పైభాగం బయటికి వాలినా, అంటే పాజిటివ్ క్యాంబర్ ఉన్నా, అరిగేది బయటి అంచే. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. లారీ షాపు కుర్రాడి అరచెయ్యి అక్కరకొచ్చేది ఇక్కడే. టైరు గాళ్ల అంచుల మీద బయటి నుంచి లోపలికి రాస్తే నున్నగా ఉండి, లోపలి నుంచి బయటికి రాస్తే గీరుకుంటే టో-ఇన్. ఎటు రాసినా ఒకేలా ఉంటే క్యాంబర్. ఈ పరీక్ష చేయకుండానే షిమ్‌లు (కోణం సరిచేయడానికి మధ్యలో పెట్టే చీలిక బిళ్లలు) కొనేవాళ్లు ఎక్కువ.

కాలే స్ప్రింగు

లారీకి కమాను కట్టలు వేరు, ఇరుసు వేరు. చిన్న విమానాల్లో చాలావాటికి కాలే స్ప్రింగు. ఈ ఆలోచనను జనంలోకి తెచ్చినవాడు అమెరికాలో ఓష్‌కోష్‌కు చెందిన రేసు పైలట్, విమానాలు సొంతంగా కట్టిన స్టీవ్ విట్‌మన్. ఆయన స్ప్రింగ్ స్టీల్ కాలు హక్కులను సెస్నా కంపెనీ కొనుక్కుంది. శిక్షణ విమానాల కింద సన్నగా, వంపుగా కనిపించే కాళ్లకు మూలం అదే. ఓష్‌కోష్ ఎయిర్‌పోర్టుకు ఇప్పుడు ఆయన పేరే. ఆర్‌వీ విమానాల్లో పలకకు బదులు పైకి లావుగా, కిందికి సన్నగా చెక్కిన ఉక్కు కడ్డీ వాడిన మోడళ్లు ఉన్నాయి. అదీ విట్‌మన్ దారే.

ఈ కాలు అందం దాని సులువులో ఉంది: పిన్నులు లేవు, ఆయిల్ లేదు, లీకు లేదు. దానికి కట్టాల్సిన ధర టైరు కడుతుంది. గాల్లో ఉన్నప్పుడు కాళ్లు కిందికి వేలాడి లోపలికి ముడుచుకుంటాయి. చక్రాల అడుగులు దగ్గరగా, పైభాగాలు దూరంగా ఉంటాయి. బరువు పడేకొద్దీ కాళ్లు పక్కలకు విచ్చుకుంటాయి, చక్రం నిలువుకు వస్తుంది. నిండు ట్యాంకు, ఇద్దరు మనుషులు, వెనక సామాను ఉంటే పైభాగాలు లోపలికి కూడా వాలతాయి. అంటే ఒకే విమానం ఒంటరిగా ఎగిరే ఆదివారం ఒక క్యాంబర్‌తో, జంటగా ఎగిరే రోజు ఇంకో క్యాంబర్‌తో తిరుగుతుంది.

దిగే క్షణంలో రెక్కలు ఇంకా బరువు మోస్తూనే ఉంటాయి. కాళ్లు ముడుచుకునే ఉంటాయి, చక్రం బయటి అంచు మీదే మొదటి దెబ్బ పడుతుంది. నిమిషానికి సున్నా నుంచి 1,500 చుట్లకు గుంజే రాపిడి అంతా ఆ రెండు వేళ్ల వెడల్పు రబ్బరు మీదే. పైగా బరువు దిగుతున్నకొద్దీ కాళ్లు విచ్చుకోవాలి, విచ్చుకోవాలంటే టైర్లు నేల మీద పక్కకు జరగాలి. హ్యాంగర్‌లో (విమానం షెడ్డులో) నిలబెట్టి కొలిస్తే క్యాంబర్ సున్నా వచ్చిన విమానానికి కూడా బయటి అంచులు ముందు అరగడం వెనక మర్మం ఇదే. దీన్ని తయారీ లోపంగా చూడాల్సిన పనిలేదు. ఒంటరిగా ఎక్కువగా ఎగిరే విమానానికి ఇది మామూలు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది, చాలామంది పట్టించుకోనిది. క్యాంబర్, టో రెండూ విడివిడి కోణాలు అనుకుంటాం. విమానం ముక్కు ఎత్తగానే అవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. పాజిటివ్ క్యాంబర్ ఉన్న చక్రానికి ఇరుసు బయటి కొన కాస్త కిందికి చూస్తుంటుంది. తోక దిగి ముక్కు లేచినప్పుడు ఆ కింది చూపు కొంత ముందు చూపుగా మారుతుంది. ఇరుసు బయటి కొన ముందుకు వస్తే చక్రం లోపలికి చూస్తుంది, అంటే టో-ఇన్. లెక్క సులువే: క్యాంబర్ 3 డిగ్రీలు, ముక్కు లేచిన కోణం 11 డిగ్రీలు అయితే మారే టో 0.57 డిగ్రీలు. తోక ఎత్తి బల్లపరుపుగా నిలబెట్టి సున్నా పెట్టిన టో, తోక దించగానే అర డిగ్రీ పైన టో-ఇన్ అయి కూర్చుంటుంది. తోక దించి సున్నా పెడితే, తోక లేచిన పరుగులో అంతే టో-అవుట్. "కొలిచినప్పుడు సరిగానే ఉంది, మళ్లీ తింటోంది" అనే ఫిర్యాదుల్లో కొన్నింటికి జవాబు ఈ ఒక్క గుణకారంలో దొరుకుతుంది.

లారీకి మంచిది, తోకచక్రానికి చెడ్డది

రోడ్డు బండికి కాస్త టో-ఇన్ ఉంచడం అలైన్‌మెంట్ షాపుల్లో మామూలు మాట. బండి సూటిగా పోతుంది, స్టీరింగ్ ఊగదు. ముక్కుచక్రం ఉన్న విమానానికి కూడా కొద్దిపాటి టో-ఇన్ పెద్దగా హాని చేయదు. అందులో బరువు కేంద్రం పెద్ద చక్రాలకు ముందు ఉంటుంది. విమానం పక్కకు తిరగబోతే బరువే దాన్ని మళ్లీ సూటిగా లాగుతుంది.

తోకచక్రం విమానంలో బరువు కేంద్రం పెద్ద చక్రాలకు వెనక ఉంటుంది. ట్రాక్టర్ ట్రాలీని రివర్స్ చేసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. కాస్త వంకర పోతే ఆ వంకర తనంతట తనే పెరుగుతుంది. ఇప్పుడు ఆ విమానం ఎడమకు తిరిగిందనుకుందాం. బరువు బయటి వైపుకు, అంటే కుడి చక్రం మీదికి పోతుంది. టో-ఇన్ ఉంటే కుడి చక్రం చూపు ఎడమకే. ఎక్కువ బరువు మోస్తున్న చక్రమే విమానాన్ని ఇంకా ఎడమకు తీసుకెళ్తుంది. తిరుగుడు బిగుస్తుంది, పైలట్ పెడల్ తొక్కి సరిదిద్దేలోపు విమానం తన చుట్టూ తాను తిరిగి రెక్క నేలకు తగులుతుంది. గ్రౌండ్‌లూప్ అనేది దీన్నే. టో-అవుట్ ఉంటే అదే కుడి చక్రం కుడికి చూస్తూ విమానాన్ని సూటి దారికి తెస్తుంది.

అలాగని టో-అవుట్ ఎక్కువ పెట్టడమూ తప్పే. రెండు చక్రాలూ చెరో దిక్కుకు గుంజుతుంటే కాళ్లు విచ్చుకుంటూ పోతాయి, లోపలి అంచులు కరిగిపోతాయి, పక్కగాలికి బరువు ఒక చక్రం నుంచి ఇంకోదానికి మారినప్పుడల్లా విమానం తాగినవాడిలా అటూ ఇటూ తూగుతుంది. సున్నా దగ్గర పెట్టాలి, తప్పు జరిగితే టో-అవుట్ వైపు జరగాలి. తోకచక్రం విమానానికి సబబైన గురి ఇదే. కట్టినవాళ్ల మధ్య ఈ విషయం మీద వాదనలు ఎప్పటికీ తెగవు. కానీ ఆ వాదనలు పావు డిగ్రీ, అర డిగ్రీ గురించే. ఒక డిగ్రీ టో-ఇన్ మంచిదని వాదించడం కష్టం.

టైరు కోసం టో, విమానం కోసం టో ఒకదానికొకటి అడ్డం పడితే టైరునే వదులుకోవాలి. టైరు కొనుక్కోవచ్చు.

ఎండ, గాలి, పల్లేరుకాయ

మే నెలలో నల్లగొండలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. ఆ ఎండకు తారు రన్‌వే 60 డిగ్రీలు దాటి మండుతుంది. ఉక్కు కాలుకు దీంతో ఏమీ కాదు. ఫైబర్ కాళ్లకే ఇబ్బంది. అమెరికా విమాన డిజైనర్ బర్ట్ రుటాన్ గీసిన లాంగ్-ఈజీ లాంటి విమానాల్లో పెద్ద చక్రాల కాళ్లు గ్లాస్ ఫైబర్, ఎపాక్సీ జిగురుతో చేసినవి. మామూలు గది వేడిలో గట్టిపడే ఎపాక్సీ వంద డిగ్రీలకు ఎంతో ముందే మెత్తబడటం మొదలుపెడుతుంది. ఎండలో పూర్తి బరువుతో రోజంతా నిలబెడితే కాళ్లు కొద్దికొద్దిగా విచ్చుకుని అలాగే ఉండిపోవచ్చు. దానికి తోడు గట్టిగా బ్రేకు వేసినప్పుడు డిస్కు వేడి నేరుగా కాలు చివరికి తగులుతుంది. అక్కడ వేడి అడ్డుకునే పొర వేయమని చెప్పేది అందుకే. ఇలాంటి విమానాలకు తెల్ల రంగు వేయడం సోకు కోసం కాదు. చలికాలంలో సరిపెట్టిన అలైన్‌మెంట్ జూన్ నాటికి అలాగే ఉంటుందని ఫైబర్ కాళ్ల యజమాని అనుకోకూడదు. వేసవి దాటాక మళ్లీ కొలవాలి.

గాలి విషయంలో రోడ్డు బండ్లకున్న అలవాట్లే ఇక్కడా చెరుపు చేస్తాయి. ఉదయం 20 డిగ్రీల దగ్గర 40 పాయింట్లు పెట్టిన టైరు ఎండలో 60 డిగ్రీలకు వేడెక్కితే 47 దాటి చూపిస్తుంది. మధ్యాహ్నం గేజి పెట్టి "ఎక్కువైంది" అని వదిలేస్తే, మర్నాడు తెల్లవారి అది తక్కువ గాలితో లేస్తుంది. చల్లగా ఉన్నప్పుడే చూడాలి, విమానం తయారీ పుస్తకం చెప్పిన అంకెకే పెట్టాలి. కొత్త టైరు వేసిన మొదటి రోజు నైలాన్ సాగి గాలి పదోవంతు దాకా పడిపోవచ్చు. దాన్ని పంచరు అనుకుని ట్యూబు విప్పేవాళ్లూ ఉంటారు. గాలి తక్కువైతే అంచులు అరగడం ఒక్కటే నష్టం కాదు. బ్రేకు వేసినప్పుడు టైరు రిమ్ము మీద జారుతుంది, దాంతోపాటు ట్యూబూ జరిగి వాల్వు మెడ దగ్గర తెగుతుంది. టైరుకూ రిమ్ముకూ కలిపి అడ్డంగా ఒక రంగు గీత గీసి ఉంచితే జారుడు వెంటనే కనిపిస్తుంది.

వానాకాలంలో తక్కువ గాలికి ఇంకో శిక్ష ఉంది. నిలిచిన నీళ్ల మీద టైరు తేలిపోయే వేగానికి నాసా ఇచ్చిన సూత్రం ప్రకారం, గాలి పీడనం వర్గమూలాన్ని తొమ్మిదితో గుణిస్తే నాట్లలో వేగం వస్తుంది. 36 పాయింట్లకు 54 నాట్లు. 25 పాయింట్లకు 45 నాట్లే.

నేల కూడా మాట్లాడుతుంది. మొరం స్ట్రిప్ మీద, గడ్డి మీద తిరిగే విమానానికి అలైన్‌మెంట్ తప్పు చాలాకాలం బయటపడదు. చక్రం కింద మన్నే జరిగి సర్దుకుంటుంది. అదే విమానం ఒకసారి కాంక్రీటు మీదికి వెళ్లొచ్చాక టైరు చూస్తే గుర్తుపట్టలేం. అయితే మన చెల్క నేలల్లో పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్లు ఉంటాయి. టైరు పలచబడిన అంచులోంచి ట్యూబులోకి దిగడానికి వాటికి పెద్ద కష్టం కాదు. కాబట్టి దక్షిణ తెలంగాణలో ఒక పక్క అరిగిన టైరును "ఇంకో ఇరవై ల్యాండింగులు నడుస్తుందిలే" అని ఉంచడం వేరే ప్రాంతంలో ఉంచడంకంటే ఎక్కువ రిస్కు.

ఆటో టైరు సంగతి కూడా చెప్పుకోవాలి. మన ప్యాసింజర్ ఆటోలకు వేసే 4.00-8 సైజు ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, విమానం టైరుతో పోలిస్తే ధర తక్కువ. తేలికపాటి విమానం కట్టేవాడికి ఆశ పుట్టడం సహజం. ఆటో టైరు నెమ్మదిగా వేగం అందుకుంటూ, రోజంతా బరువు మోయడానికి చేసింది. నిలబడి ఉన్న స్థితి నుంచి గంటకు 90 కిలోమీటర్లకు ఒక్క గుంజులో పోవడానికి చేసింది కాదు. నేల మీద ట్యాక్సీ పరీక్షలకు వాడుకుని, ఎగిరే ముందు మార్చడం మేలు.

కొలవడానికి మేస్త్రీ సామాను చాలు

కారు అలైన్‌మెంట్ మిషన్ మీదికి విమానాన్ని ఎక్కించడం కుదరదు, అవసరమూ లేదు. ఇంటికి పునాది గీసే మేస్త్రీ సామానుతో దీన్ని కొలవొచ్చు. చదునైన గచ్చు మీద విమానాన్ని మామూలుగా ఎగిరే బరువుతో నిలపాలి. ఒంటరిగా ఎగిరేవాళ్లు ఒక మనిషి బరువు, ఇద్దరు ఎగిరేవాళ్లు ఇద్దరి బరువు. బియ్యం బస్తాలు ఆ పనికి బాగుంటాయి. ముక్కు మధ్య నుంచి, తోక మధ్య నుంచి తూకపు గుండు వేలాడదీసి, ఆ రెండు చుక్కలను రంగు దారంతో కలిపితే మధ్యరేఖ వచ్చేస్తుంది.

టైర్ల కింద రెండేసి అల్యూమినియం రేకులు, వాటి మధ్య గ్రీజు పెట్టాలి. ఇది వదిలేస్తే కొలత అంతా వృథా. విమానాన్ని వెనక్కి నెట్టి హ్యాంగర్‌లో పెట్టినప్పుడు చక్రాలు కాళ్లను ఒక వైపు గుంజి పట్టుకుని ఉంటాయి, రబ్బరు పట్టు ఆ గుంజుడును వదలదు. గ్రీజు రేకుల మీద రెక్కలను రెండుమూడు సార్లు ఊపితే కాళ్లు తమ అసలు చోటుకు వస్తాయి. అప్పుడు ఒక సూటి అల్యూమినియం పట్టీని చక్రానికి ఆనించి, పట్టీ రెండు చివర్ల నుంచి మధ్యరేఖకు దూరం కొలవాలి. టైరు గోడ మీద అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటాయి, కాబట్టి బ్రేకు డిస్కుకో రిమ్ము అంచుకో ఆనించడం మంచిది. డిస్కు కూడా కాస్త వంకర తిరుగుతుందేమోనని చక్రాన్ని సగం చుట్టు తిప్పి మళ్లీ కొలిచి సగటు తీయాలి. లేజర్ పెన్ను ఇరుసుకు లంబకోణంలో బిగించగలిగితే ఇంకా సులువు. ఐదు మీటర్ల దూరంలో గోడ మీద ఒక డిగ్రీ అంటే 87 మిల్లీమీటర్లు, స్కేలు కూడా అక్కర్లేదు. క్యాంబర్‌కు ఫోన్‌లోని లెవెల్ యాప్ పనికొస్తుంది, ఫోన్ కవర్ తీసేస్తే.

ఒక్కో చక్రాన్ని మధ్యరేఖతో విడిగా పోల్చాలి. రెండింటి మధ్య దూరం ముందూ వెనకా కొలిచి సమానంగా ఉందని సంతోషపడితే, రెండూ కలిసి ఎడమకు చూస్తున్నా తెలియదు. అలాంటి విమానం పైలట్‌తో ప్రతిసారీ ఒక కాలు నొక్కించుకుంటుంది. ఆ కాలు బ్రేకు మీద పడితే ఆ వైపు టైరూ బ్రేకు ప్యాడూ ముందు పోతాయి. ముక్కుచక్రం స్వేచ్ఛగా తిరిగి, బ్రేకులతోనే మలుపు తిప్పే విమానాల్లో ఇది మరీ ఎక్కువ. ఒక పక్క టైరే అరుగుతుంటే కోణం కొలిచే ముందు పైలట్ అలవాటు అడగడం న్యాయం.

తోకచక్రం విమానాన్ని తోక దించి ఒకసారి, తోకను స్టూలు మీద ఎత్తి ఒకసారి కొలిచి రెండూ రాసుకోవాలి.

సరిచేసేది చీలికలా ఒక పక్క మందం, ఒక పక్క పలచన ఉన్న షిమ్‌తో. దాన్ని కాలుకూ ఇరుసు ఫ్లాంజికీ (బోల్టులు బిగించే పలకకూ) మధ్య పెడతారు. మందం వైపు ముందుకో వెనక్కో ఉంటే టో మారుతుంది, పైకో కిందికో ఉంటే క్యాంబర్ మారుతుంది. 60 మిల్లీమీటర్ల ఫ్లాంజికి ఒక డిగ్రీ షిమ్ అంటే రెండు అంచుల మధ్య మందం తేడా ఒక్క మిల్లీమీటరు. వాషర్లు పెట్టి ఒక మూల ఎత్తడం మాత్రం చేయకూడదు. ఇరుసు మూడు చుక్కల మీద ఆని ఉంటుంది, బోల్టులు గట్టి ల్యాండింగ్‌కు వంగుతాయి. షిమ్ వేశాక బోల్టు పొడవు సరిపోతుందా, నట్టు బయట రెండు మరలైనా కనిపిస్తున్నాయా చూసి, టార్క్ రెంచితో బిగించాలి. అప్పటిదాకా సరిగా ఉన్న విమానం హఠాత్తుగా టైరు తినడం మొదలుపెడితే మాత్రం షిమ్ జోలికి పోకూడదు. ఏదో ఒక గట్టి ల్యాండింగ్‌కు ఇరుసో కాలో వంగి ఉంటుంది, దాన్ని వెతకాలి.

టోను ఇలా చంపేయొచ్చు. స్ప్రింగ్ కాలుతో పుట్టిన క్యాంబర్ పూర్తిగా పోదు. షిమ్‌తో దాన్ని తగ్గించినా ఇంకో బరువు దగ్గర మళ్లీ తలెత్తుతుంది. అక్కడ పాత పద్ధతే నయం: బయటి అంచు సగం అరిగాక టైరును రిమ్ము మీద తిప్పి వేయడం. లోపలి అంచు బయటికి వస్తుంది, టైరు ఆయుష్షు ఇంచుమించు రెట్టింపవుతుంది. తిప్పేటప్పుడు టైరు మీది ఎర్ర చుక్క తేలిక వైపును చెప్తుంది, ట్యూబు బరువు వైపును సరిగ్గా ఆ చుక్క దగ్గరికే తేవాలి. ఈ చక్రాలు రెండు ముక్కల రిమ్ములు, బోల్టులతో కలిపి ఉంటాయి. వాల్వు పిన్ తీసి గాలి మొత్తం పోయిందని తేల్చుకోకుండా ఆ బోల్టుల మీద స్పానర్ పెట్టకూడదు. లారీ రిమ్ము రింగు ఎగిరి ప్రాణాలు పోయిన సంగతులు టైరు షాపుల్లో ఎవరినడిగినా చెప్తారు. ఇదీ అదే జాతి.

చివరికి అరుగుదలను దాచేసేవి చక్రాల మీది ఫైబర్ తొడుగులే. ఎగిరేటప్పుడు గాలి అడ్డు తగ్గించడానికి వేసిన ఆ తొడుగులోంచి టైరు అడుగున నాలుగు వేళ్ల మేర మాత్రమే కనిపిస్తుంది, అదీ నేలకు ఆనుకున్న భాగం. బయటి అంచు ఎప్పుడూ తొడుగు నీడలోనే. ఎగరబోయే ముందు చక్రం అర చుట్టు తిరిగేలా విమానాన్ని చేత్తో ముందుకు నెట్టి, వంగి, టార్చి వేసి ఒకసారి, మళ్లీ అర చుట్టు నెట్టి ఇంకోసారి చూడాలి. ఆ రెండు నెట్టుళ్ల మధ్య అరచెయ్యి లోపలికి పోనిచ్చి బయటి అంచు మీద అటూ ఇటూ రాయడానికి జాగా ఉంటుంది.